ప్రమాదం ఇంట్లోనే బయల్దేరుతుంది



పొద్దున్నే కాఫీ కలిపి, మావారి గ్లాసు ఆయన చేతికిచ్చి, నా గ్లాసు పట్టుకుని పేపరు ముందు కూర్చోవడం నాకు అలవాటు. మీలోనూ చాలామందికి ఉండే ఉంటుంది. బంగారం ధర చూస్తాం, కరెంటు ఎప్పుడు తీస్తారో చూస్తాం, ఆ తర్వాత జిల్లా పేజీ తిప్పుతాం. అక్కడ ఏదో ఒక మూల ఒక కారు ఫోటో ఉంటుంది. ముందు భాగమంతా నుజ్జునుజ్జయిపోయి, పక్కన చెప్పులు చెల్లాచెదరుగా పడి ఉంటాయి. "పెళ్ళికి వెళ్ళి వస్తుండగా" అని వార్త మొదలవుతుంది. "అయ్యో పాపం" అంటాం. పిల్లలున్నారేమోనని రెండు వాక్యాలు చదువుతాం. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. లేచి వెళ్ళిపోతాం.

ఎప్పుడైనా ఆ వార్త చివరిదాకా చదివారా? చివర్లో ఒక్క ముక్క ఉంటుంది. "టైరు పేలడంతో", లేకపోతే "బ్రేకులు పడకపోవడంతో", లేకపోతే "కారు అదుపు తప్పి". అంతే. ఆ ఒక్క ముక్కతో కథ ముగిసిపోతుంది. టైరు దానంతటదే పేలిందనీ, కారు దానికదే అదుపు తప్పిందనీ మనమూ అనుకుంటాం. రాత అని సరిపెట్టుకుంటాం.

కానీ ఆ టైరులో గాలి తగ్గి ఎన్నాళ్ళయింది? ఆ బండి నడిపినవాడు నిద్రపోయి ఎన్ని గంటలయింది? వెనక సీట్లో కూర్చున్నావిడ బెల్టు ఎందుకు పెట్టుకోలేదు? ఇవి అడుగుతూ పోతే ప్రమాదం జరిగిన చోటు రోడ్డే గాని, మొదలైన చోటు రోడ్డు కాదని తెలుస్తుంది. చాలాసార్లు అది మన గుమ్మంలోనే బయల్దేరుతుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ సంగతే.

ముందుగా ఒకటి రెండు లెక్కలు చెప్పి, మళ్ళీ వాటి జోలికి ఎక్కువగా పోను. కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. భాగించి చూస్తే రోజుకు 462 మంది, గంటకు 19 మంది. అంటే నేను మీతో మాట్లాడే ఈ పావుగంటలో అయిదుగురు. ఆ ఏడాది పోయినవాళ్ళలో హెల్మెట్టు పెట్టుకోనివాళ్ళు 50,029 మంది, సీటు బెల్టు పెట్టుకోనివాళ్ళు 16,715 మంది. ఈ రెండూ ఏ ఇంజనీరో వచ్చి చెయ్యాల్సిన పనులు కావు చూడండి. గుమ్మం దాటే ముందు ఒక చేత్తో చేసుకునే పనులు.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. మా పెద్దాడపడుచు మరిది కూతురి పెళ్ళి విజయవాడలో అయింది. అప్పగింతలయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. "పొద్దున అల్లుడికి ఆఫీసుంది, రాత్రికి రాత్రి హైదరాబాదు చేరిపోతే హాయిగా ఉంటుంది" అన్నది మా వదినే. ఆ అల్లుడు అంతకుముందు రెండు రాత్రులు విడిది ఇంట్లో కన్ను మూసింది లేదు. పక్క సీట్లో కూతురు బెల్టు పెట్టుకుని కూర్చుంది. వెనక మా వదిన, రెండేళ్ళ మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. బెల్టు పెట్టుకుంటే పిల్లాడికి ఒరుసుకుంటుందని పెట్టుకోలేదు.

రాత్రి రెండున్నరకి, సూర్యాపేట దాటాక, బండి మెల్లగా ఎడమకు జరిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది. ఎదురుగా లారీ రాలేదు, టైరు పేలలేదు, బ్రేకులు బాగానే ఉన్నాయి. అల్లుడి కన్ను మూతపడింది, అంతే. ముందు సీట్లోవాళ్ళిద్దరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. మా వదినకు మెడ దగ్గరి ఎముక విరిగింది. పిల్లాడు ముందు సీటు వీపుకు కొట్టుకుని కింద పడ్డాడు. నుదురు చిట్లింది, తొడ ఎముక విరిగింది. ప్రాణాలు దక్కాయి. అదే మా అదృష్టం.

ఆస్పత్రిలో మా వదిన నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ప్రాణం పోయినా వాణ్ణి వదలను అనుకునేదాన్ని. ఎప్పుడు వదిలానో కూడా నాకు తెలీదే."

ఆవిడ వదల్లేదు, తల్లీ. ఏ తల్లీ, ఏ అమ్మమ్మా పట్టుకోలేదు. ఎందుకో చెబుతాను వినండి.

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే లోపల కూర్చున్న మనమూ అదే వేగంతో పోతున్నామన్నమాట. సీటు మెత్తగా ఉంది, ఏసీ చల్లగా ఉంది కాబట్టి మనకా సంగతి తెలీదు. కారు దేనికో కొట్టుకుని ఆగిపోతుంది. మనం ఆగం. దేనికో ఒకదానికి కొట్టుకునేదాకా అదే వేగంతో ముందుకు పోతాం. ఆ దెబ్బ ఎంతటిదంటే, 40 కిలోమీటర్ల వేగమైతే రెండంతస్తుల మేడ మీంచి పడ్డంత. 60 అయితే నాలుగంతస్తుల మేడ మీంచి పడ్డంత. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు పిల్లాడు పిట్టగోడ దగ్గరికి పోతే మనకు గుండె ఝల్లుమంటుందే! అదే పిల్లాణ్ణి కారులో ఏ ఆధారం లేకుండా నిలబెట్టి, వెనక అద్దంలోంచి లారీలు చూపిస్తాం.

ఇంకొక లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు కొట్టుకుంటే, పది కిలోల పిల్లాడు ఆ క్షణంలో దాదాపు 200 కిలోల బరువుగా ముందుకు లాగుతాడు. వెనకటి రోజుల్లో నూరు కిలోల బియ్యం బస్తాలుండేవి, గుర్తుందా? అలాంటివి రెండు ఒక్కసారిగా చేతుల్లోంచి ఎగిరిపోతే ఎవరు ఆపగలరు? ఇందులో ప్రేమ తక్కువై జారిపోవడం ఏమీ లేదు. ఇది చేతుల వల్ల అయ్యే పని కాదు. బెల్టు వల్ల అయ్యే పని.

భుజం మీంచి, నడుం మీంచి పోయే ఈ బెల్టును నీల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు 1959లో వోల్వో కంపెనీలో తయారు చేశాడు. ఆ కంపెనీ దాన్ని తన ఒక్కదానికే అట్టిపెట్టుకోకుండా, ఏ కారు కంపెనీ అయినా వాడుకోవచ్చని వదిలేసింది. అందుకే ఇవాళ మన ఇంటి ముందున్న చిన్న కారులో కూడా అది ఉంది. ఉందిగాని, ముందు సీట్లవాళ్ళు పోలీసు భయంతో పెట్టుకుంటారు. వెనక కూర్చునే మనం మాత్రం మనకి కాదులే అనుకుంటాం.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో, పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద ఒక ఖరీదైన కారు గోడకు కొట్టుకుంది. టాటా సంస్థలకు ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన సైరస్ మిస్త్రీ అందులో చనిపోయారు. కారులో నలుగురున్నారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ బతికారు. వెనక సీట్లలో ఉన్న ఇద్దరూ పోయారు. ఆ ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కారు ఎంత మంచిదైనా, వెనక సీటు సురక్షితమనే నమ్మకం ఒట్టి నమ్మకమేనని దేశమంతా ఆ రోజు తెలుసుకుంది. నెల తిరిగేసరికి మర్చిపోయింది కూడా. వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టమే. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఇంకో సంగతి, వెనక బెల్టు లేని మనిషి దెబ్బ తనకొక్కరికే తగలదు. విసురుగా వచ్చి ముందు సీట్లో ఉన్న సొంత మనుషుల మీదే పడతారు.

మన ఇళ్ళలో వెనక బెల్టు ఎందుకు పెట్టుకోరో నేను కాస్త గమనించాను. కారు మురికవుతుందని మనమే సీటు కవర్లు కుట్టిస్తాం, పైన తువ్వాలు పరుస్తాం. బెల్టు గుచ్చే బకిలు ఆ కవరు కింద దాక్కుంటుంది. ఎవరైనా వెతికితే దొరకదు. "ఏం పర్లేదులే, పోనియ్యి" అంటాం. కాబట్టి ఇవాళ మధ్యాహ్నం పని తెమిలాక కారు దగ్గరికెళ్ళి వెనక బకిళ్ళు మూడూ బయటికి కనపడుతున్నాయో లేదో చూడండి. లేకపోతే కత్తెరతో కవరుకు చిన్న కంత చెయ్యండి. కవరు చిరిగితే నూరు రూపాయలు పోతాయి, అంతే. అలారం మోగకుండా బెల్టు చోట ఉత్త క్లిప్పులు గుచ్చేవాళ్ళున్నారు. అవి మీ బండిలో ఉంటే తీసి చెత్తబుట్టలో పారెయ్యండి.

పట్టుచీర నలుగుతుందని భయమా? పైట సర్దుకుని, కింది పట్టీని పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి, పై పట్టీని మెడకు కాకుండా భుజం మధ్యకు వచ్చేలా పెట్టుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళూ పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్ట కిందుగా, పై పట్టీ పొట్టకు పక్కగా, రొమ్ముల మధ్యనుంచి పోవాలి. పసిపిల్లలకు వాళ్ళ వయసుకూ బరువుకూ తగిన పిల్లల సీటు కొని వెనక బిగించండి. పుట్టినరోజుకు బ్యాటరీ కార్లూ, గొలుసులూ కొంటాం. ఆ డబ్బుతో ఇదీ వస్తుంది. పిల్లల్ని ముందు సీట్లో మాత్రం కూర్చోబెట్టుకోవద్దు. పెద్దవాళ్ళ ప్రాణం కాపాడే గాలిసంచీ రెప్పపాటులో విచ్చుకుని పిల్లల్ని బలంగా కొడుతుంది. ఒళ్ళో ఉంటే మరీ ప్రమాదం.

ఇక నిద్ర సంగతి. మా వదిన ఇంట ప్రమాదానికి అసలు కారణం అదేగా. మన ప్రయాణాలకు ముహూర్తం పెట్టేది ఎవరండీ? చాలావరకు మనమే. "తెల్లారేసరికి అక్కడుండాలి", "రాత్రయితే ట్రాఫిక్ ఉండదు, చల్లగా ఉంటుంది, పిల్లలు పడుకుంటారు" అంటాం. పిల్లలు పడుకుంటారు, నిజమే. బండి నడిపేవాడికీ పడుకోవాలనే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము దాకా మనిషి ఒళ్ళు నిద్ర కోరే సమయం. పాటలు పెట్టినా, కిటికీ దించినా, టీ తాగినా కాసేపు ఆగుతుందేమో గాని నిద్ర పోదు. నిద్రకు మందు నిద్రే.

సినీ నటుడు, మాజీ మంత్రి నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న పోయిన సంగతి మీకందరికీ తెలుసు. ఒక అభిమాని ఇంట పెళ్ళికని తెల్లవారుజామునే హైదరాబాదు నుంచి నెల్లూరు వైపు బయల్దేరారు. కారు తనే నడుపుకుంటున్నారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు డివైడరుకు కొట్టుకుని బోల్తా పడింది. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఎన్నో ఏళ్ళు బండ్లు నడిపిన చెయ్యి ఆయనది. అటువంటివారికే తప్పనిది, ఏడాదికి రెండుసార్లు హైవే ఎక్కే మన ఇంటి అబ్బాయిలకు తప్పుతుందా?

కాబట్టి ఈసారి పెళ్ళికి వెళితే రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారి టిఫిను తిని బయల్దేరండి. బాడుగ కారైతే డ్రైవరు ఎక్కడ పడుకున్నాడో, అన్నం తిన్నాడో లేదో అడిగే పూచీ మీరు తీసుకోండి. మగవాళ్ళకిది తట్టదు. విడిది ఇంట్లో వందమందికి పరుపులు వేస్తాం. ఏడుగురి ప్రాణాలు చేతిలో పెట్టుకున్న మనిషి మాత్రం కారులోనే కాళ్ళు ముడుచుకుని దోమల మధ్య పడుకుంటాడు. అతనికొక చాపా, ఫ్యానూ ఇప్పించడం పుణ్యం అనుకోకండి. అది మన స్వార్థం.

కారు ఇబ్బందుల దగ్గరికి వద్దాం. "అదంతా మగవాళ్ళ సంగతి, మనకేం తెలుసు" అంటారేమో. వంటింటి తెలివి చాలు.

టైరు ఎందుకు పేలుతుంది? గాలి ఎక్కువై అనుకుంటాం. ఎక్కువసార్లు తక్కువై పేలుతుంది. ఒక ఇనపతీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. వంచిన చోట వేడెక్కి తెగిపోతుంది. గాలి తగ్గిన టైరు పక్కలు కూడా తిరిగిన ప్రతిసారీ అలా వంగుతూ లేస్తూ ఉంటాయి. ఎండాకాలం, నిండా మనుషులు, డిక్కీ నిండా ఆవకాయ జాడీలు, ఆపైన వేగం. వేడెక్కి వేడెక్కి చివరికి పేలుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద రాసి ఉంటుంది. బయల్దేరే రోజు పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. స్టెప్నీలో కూడా గాలి ఉందో లేదో అడగండి. అరిగిపోయి నున్నబడ్డ టైరుతో వానలో పోవడం సబ్బునీళ్ళు పోసిన గచ్చు మీద పరుగెత్తడమే.

ఇంజను వేడెక్కి, ముందునుంచి ఆవిరి వస్తే? సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ దారిలో, పంతంగి టోల్ గేటు దగ్గర బారులు తీరిన కార్లను ఏటా టీవీలో చూస్తూనే ఉంటాం. కదలని బండిలో ఏసీ నడుస్తుంటే పాత కార్లు అలా ఉడికిపోతాయి. అప్పుడు బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, అరగంటైనా ఆగాలి. రేడియేటరు మూత వెంటనే తియ్యబోతే మీరు అడ్డం పడండి. కుక్కరు దించి విజిలు పోకుండా మూత తీస్తే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. లోపల నీళ్ళు ఒత్తిడిలో మరుగుతూ ఉంటాయి. మొహమంతా కాలిపోతుంది.

బ్రేకుల సంగతీ ఇంతే. తిరుమల కొండ దిగేటప్పుడు కొందరు డ్రైవర్లు పెట్రోలు కలిసొస్తుందని గేరు తీసేసి, అస్తమానం బ్రేకు మీద కాలు పెట్టి దిగుతారు. రాపిడికి బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ అంత తక్కువ గేరులోనే దిగాలి. అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. కాలిన వాసన వస్తే "ఆపు నాయనా" అని మనం అనాలి. వాసనలు పట్టడంలో మనల్ని మించినవాళ్ళు లేరుగా!

ఘాట్ రోడ్డు అంటే కొండగట్టు గుర్తొస్తుంది. 2018 సెప్టెంబరు 11న అక్కడ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో దాదాపు వందమంది ఎక్కారు. ఎక్కినవాళ్ళను నేను తప్పుపట్టను. వేరే బస్సు లేనప్పుడు ఏం చేస్తారు? కానీ మన వీధిలోకి వచ్చే స్కూలు ఆటో సంగతి మన చేతుల్లో ఉంది. పన్నెండుమంది పిల్లలు, డ్రైవరుకు అటొకడు ఇటొకడు, బయటికి వేలాడే సంచులు. నెలకు మూడొందలు మిగులుతాయని చూస్తూ ఊరుకుంటాం. నలుగురు తల్లులు కలిసి "ఇంతమందిని ఎక్కిస్తే మా పిల్లల్ని పంపం" అంటే ఆటోవాడు వింటాడు. ఒక్కరు అంటే వినడు. ఈ పని మహిళా మండలి చెయ్యాల్సిన పని.

దారిలో బండి ఆగిపోయినప్పుడు చేసే పొరపాటు ఒకటుంది. అందరూ దిగి కారు వెనక నిలబడి కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు చుట్టూ తిరుగుతుంటారు. వెనకనుంచి వచ్చే లారీకి చీకట్లో ఆగిన బండి కనపడదు. ఒక ప్రమాదం రెండో ప్రమాదానికి ఎలా దారి తీస్తుందో 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో చూశాం. ముందు ఒక మోటారుసైకిలు డివైడరుకు కొట్టుకుని, నడిపే అబ్బాయి పోయాడు. బండి రోడ్డు మీదే పడి ఉంది. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న బస్సు తెల్లవారుజామున దాని మీదికెక్కింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. కిటికీ అద్దాలు పగలగొట్టుకుని కొందరు బయటపడ్డారు. అందుకని బస్సెక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో కళ్ళతో చూసుకోండి, పిల్లలకూ చూపించండి. కారు ఆగిపోతే నాలుగు వైపులా మిణుకుమనే లైట్లు వెయ్యండి. డిక్కీలో ఎర్ర త్రికోణం ఉంటుంది. దాన్ని బాగా వెనగ్గా పెట్టించండి. మనుషులంతా రోడ్డు దిగి, రెయిలింగుకు అవతల నిలబడాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నెంబరుకు ఫోను చెయ్యొచ్చు.

కారు లేని ఇంట్లోనూ స్కూటరు ఉంటుంది. చనిపోయేవాళ్ళలో పెద్ద వాటా ద్విచక్ర వాహనాలవాళ్ళదే. మావారు హెల్మెట్టు పెట్టుకుంటారు, వెనక నేను ఉత్త తలతో కూర్చుంటాను. జడ పాడవుతుందని, పూలు నలుగుతాయని. తల నలిగితేనో? నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళకూ హెల్మెట్టు ఉండాలని చట్టం. అంతకన్నా చిన్నపిల్లల్ని ఎక్కించుకుంటే వాళ్ళ సైజు హెల్మెట్టూ, నడిపేవాళ్ళకు కట్టే పట్టీ ఉండాలనీ, బండి 40 దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. పైటచెంగూ, చున్నీ బొడ్లో దోపుకుని మరీ ఎక్కండి. చక్రంలో పడిన చున్నీ మెడకు ఉరవుతుంది. చీర గార్డు అందంగా లేదని తీయించేస్తారు కొందరు. తియ్యనివ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, తాళం చెవి. "కాస్త వీధి చివరిదాకా వెళ్ళి పెరుగు పట్రా నాన్నా" అని తొమ్మిదో తరగతి పిల్లాడి చేతికి స్కూటీ తాళం ఇచ్చేది తండ్రి కాదు, మనమే. పదహారు నిండితే గేరులేని 50 సీసీ లోపు బండికి మాత్రం లైసెన్సు ఇస్తారు. మన ఇళ్ళలోని స్కూటీలు దాదాపు అన్నీ అంతకన్నా పెద్దవే. 2019లో మారిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే తప్పు తల్లిదండ్రులదో, బండి యజమానిదో అవుతుంది. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇదంతా చట్టం వేసే శిక్ష. అవతల ఏ ముసలాయనో కిందపడి పోతే, పదిహేనేళ్ళ పిల్లాడు ఆ బరువు జన్మంతా మొయ్యాలి. పెరుగు లేకపోతే ఆ పూటకు మజ్జిగ పులుసు మానుకుందాం.

ఇంకొకటి మనమే చేస్తాం. ఇంటికి వచ్చే టైము దాటగానే ఫోను కొడతాం. ఎత్తకపోతే మళ్ళీ కొడతాం. "ఎక్కడున్నారు? కొత్తిమీర తెండి." 40 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు ఫోను వైపు చూస్తే బండి 33 మీటర్లు చూపు లేకుండా పోయినట్టే. బండి మీద ఉన్నానంటే వెంటనే పెట్టేద్దాం. కొత్తిమీర రేపు తేవచ్చు.

ఇంత జాగ్రత్తపడ్డా రోడ్డు మీద ఎవరో పడి ఉన్నారనుకోండి. "మనకెందుకు, పోలీసులు, కోర్టులు" అని పక్కకు తప్పుకుంటాం. ఆ భయం ఇప్పుడక్కర్లేదు. సాయం చేసినవాళ్ళను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019లో అది చట్టంలోకే ఎక్కింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చెయ్యకూడదు, తీసుకొచ్చారు కదా అని ఆస్పత్రిలో డబ్బు కట్టమనకూడదు. దెబ్బ తగిలిన మొదటి గంటే ప్రాణానికి గట్టి ఆధారం. 108కి గాని, 112కి గాని ఫోను చెయ్యండి. మన రాష్ట్రంలో 2005లో మొదలై దేశమంతా పాకిన సేవ ఆ 108. అంబులెన్సు వచ్చేదాకా రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. మెడా నడుమూ కదపకండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి. స్పృహ లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రమాదంలో గాయపడినవాళ్ళకు ఏడు రోజులదాకా, లక్షన్నర రూపాయలదాకా నగదు కట్టకుండా వైద్యం చేయించే పథకాన్ని 2025 మేలో కేంద్రం ప్రకటించింది. ఆస్పత్రిలో ఆ మాట గుర్తుచెయ్యండి.

మన జాగ్రత్తతోనే రోడ్డు బాగుపడుతుందని నేననను. గుంటలు పూడ్చాల్సినవాళ్ళు పూడ్చాలి, తాగి నడిపేవాళ్ళను పట్టుకోవాల్సినవాళ్ళు పట్టుకోవాలి. అది అడుగుతూనే ఉందాం. కానీ ఎదుటివాడి తప్పు వచ్చి మనకు తగిలిన రోజున కూడా ఆ బెల్టూ, ఆ హెల్మెట్టే మనల్ని ఇంటికి చేరుస్తాయి.

మా వదిన మనవడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. నుదుటి మీద మచ్చ మిగిలింది. కిందటి పండక్కి అందరం కలిసి కారులో ఊరెళ్ళాం. మా వదిన వెనక సీట్లో కూర్చుని, ముందు తను బెల్టు గుచ్చుకుంది. తర్వాత వాడిది చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "నీదేదే?" అంది. నా బకిలు కవరు కింద ఉంది. నేను వెతుక్కునేంతసేపూ బండి కదలనివ్వలేదు. మావారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. "చూసుకోనీ తమ్ముడూ, పది నిమిషాలు ఆలస్యంగా పోదాం" అంది.

ఆ పది నిమిషాలే మీతోనూ మనవి చేసుకుంటున్నాను.